"కుక్కకి" అంటే కట్టిచ్చే నల్ల కవరు: పచ్చి మాంసం, ఎముకల లెక్క

ఆదివారం పొద్దున బెంగళూరు మడివాళలోనో మారతహళ్లిలోనో చికెన్ షాపు ముందు నిలబడి "కుక్కకి కావాలి భయ్యా" అంటే చాలు, కొట్టతను మారు ప్రశ్న వెయ్యడు. మొద్దు పక్కనున్న టబ్బులోంచి మెడలు, కాళ్లు, తలలు, తోలు, కొవ్వు గుప్పిళ్లతో తీసి నల్ల కవర్లో వేసి తూకం వేస్తాడు. చవకగా వస్తుంది. కుక్క కూడా గిన్నె నాకి నాకి తింటుంది. మూడో రోజుకి ఆ కుక్క సుద్దముక్కల్లాంటి తెల్లటి మలం కోసం ముక్కుతూ కూర్చుంటుంది, లేదంటే జిడ్డు జిడ్డుగా విరేచనాలు పెట్టుకుంటుంది. ఇంట్లో తీర్పు వెంటనే వచ్చేస్తుంది: "దీనికి పచ్చి మాంసం పడలేదు."

ఆ కవర్లో ఏముందో ఒకసారి చూడండి. బరువులో సగానికి దగ్గరగా ఎముక. మిగిలినదాంట్లో పెద్ద వాటా తోలు, కొవ్వు. కండ నామమాత్రం. దాన్ని ఉడికించి పెట్టినా కుక్క బాగుండేది కాదు, పైగా ఉడికిన ఎముకతో అపాయం పెరిగేది. పడనిది ఆ కవరు.

పచ్చి మాంసం అన్న ఒక్క మాట కింద నిజానికి నాలుగు వేర్వేరు చిక్కులున్నాయి: బాక్టీరియా, పురుగులు, ఎముక, పోషకాల లెక్క. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. ఫ్రీజర్ పురుగుల్ని చంపుతుంది గాని సాల్మొనెల్లా లాంటి బాక్టీరియాను చంపదు. పొయ్యి రెండింటినీ చంపుతుంది గాని ఎముకను పెళుసు చేస్తుంది. ఎముక తీసేస్తే గొంతు ప్రమాదం పోతుంది, దాంతోపాటే కాల్షియమూ పోతుంది. ఈ నాలుగింటినీ కలగాపులగం చేసి మాట్లాడడం వల్లే వాట్సాప్ గ్రూపుల్లో "మా వాడు నాలుగేళ్లుగా తింటున్నాడు, ఏమీ కాలేదు" అనేవాళ్లకీ, "పచ్చిది పెడితే చస్తుంది" అనేవాళ్లకీ వాదన తెగదు.

"కుక్క తోడేలు సంతతి, కాబట్టి పచ్చి మాంసమే దాని అసలు తిండి" అనే తోడేలు వాదం గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్దాం. కుక్క తోడేలు సంతతే. కానీ మనిషి పంచన చేరిన ఈ వేల ఏళ్లలో దాని పేగు మారింది. పిండి పదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కల్లో ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నాయని 2013లో వచ్చిన జన్యు పరిశోధన చూపించింది. అంటే మన ఇళ్లలో పెరుగన్నం తిని బతికిన వీధికుక్కలు ఏదో పొరపాటున బతకలేదు. పచ్చి మాంసం పెట్టడానికి వేరే కారణాలు ఉండొచ్చు, ఎముక కొరకడంలో పళ్లకు, బుర్రకు వచ్చే మేలు ఉంది. "అది దాని అసలు తిండి" అన్నది మాత్రం కారణం కాదు. అవతలి వైపు, అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2012లోనే పెంపుడు జంతువులకు పచ్చి, సగం ఉడికిన మాంసం పెట్టడాన్ని ప్రోత్సహించబోమని తీర్మానించింది. దానికి ముఖ్యమైన కారణం బాక్టీరియా. కుక్క కంటే ఎక్కువగా, ఇంట్లో మనుషుల గురించి.

ఎముక: ఏది, ఎంత వయసుది, ఎలా కొట్టింది

ఎముకలో ఖనిజం ఒక వంతైతే దాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ ఇంకో వంతు. పచ్చి ఎముక కొద్దిగా వంగి, నలిగి, ముద్దవుతుంది. వేడి తగిలితే కొల్లాజెన్ కరిగి చారులోకి దిగిపోతుంది. అందుకే పాయా చారు చల్లారితే గడ్డకడుతుంది. మిగిలిన ఎముక పెళుసు. కొరికితే సూదుల్లా చీలుతుంది. కాబట్టి బిర్యానీ ఎముకలు, కుక్కర్లో ఉడికిన చికెన్ ఎముకలు, తందూరీ కాళ్లు ఏవీ కుక్కకు వెయ్యకూడదు. ఇందులో మినహాయింపు లేదు. విందయ్యాక ఆకుల్లో మిగిలినవి పోగుచేసి గేటు బయట కుక్కలకు వేసే దయ కూడా ఇందులోకే వస్తుంది.

పచ్చిదైతే అన్నీ మంచివేనా అంటే, కాదు. ముందు చూడాల్సింది ఆ జంతువు వయసు. బ్రాయిలర్ కోడిని ఐదారు వారాలకే కోస్తారు. రెండు కిలోల బరువొచ్చినా అది ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడని పిల్ల. మెడ, రెక్క, వీపు ఎముకలు మధ్యస్థం నుంచి పెద్ద కుక్క పళ్ల మధ్య సులువుగా నలుగుతాయి. గుడ్లు పెట్టడం మానేశాక అమ్మే లేయర్ కోడి సంగతి వేరు. ఏడాదికి పైగా గుడ్డు పెంకుల కోసం తన ఎముకల్లోని కాల్షియాన్నే ఖర్చు పెట్టుకున్న కోడి అది. దాని ఎముక పచ్చిగా ఉన్నా పలచగా, పెళుసుగా విరుగుతుంది. కూరకు రుచి అని కొందరు కావాలని కొంటారు. కూరకు సరే, కుక్కకు ఆ ఎముకలు వద్దు. బాగా ముదిరిన నాటుకోడి కాలి ఎముకలు కూడా అంతే.

తర్వాతది విదేశీ పుస్తకాల్లో కనిపించని విషయం, మన షాపుల్లో ఎదురయ్యేది: కర్రీ కట్. వాటిలో "చికెన్ వింగ్ ఇవ్వండి" అని ఉంటుంది, వాళ్ల దృష్టిలో అది కీలు దగ్గర విడదీసిన పూర్తి రెక్క. మన మొద్దు మీద కత్తి ఎముక మధ్యలోంచి పడుతుంది. తెగిన ప్రతి ముక్కకు ఒకటి రెండు పదునైన అంచులు, పక్కన చిట్లిన పెచ్చులు. అదీ గాక ముక్క చిన్నది, కుక్క నమలకుండా గుటుక్కున మింగడానికి సరిగ్గా సరిపోయే సైజు. ఎముకలు గొంతులో ఇరుక్కునే దారి ఇదే. కాబట్టి షాపులో చెప్పాల్సిన మాట: "కట్ చెయ్యొద్దు, కీళ్ల దగ్గర విడదీసి ఇవ్వు." రెక్క మొత్తం, మెడ మొత్తం, వీపు గుల్ల ఒకే ముక్కగా. ఎముక ముక్క ఎప్పుడూ కుక్క నోట్లో ఒకేసారి పట్టనంత పెద్దదిగా ఉండాలి. లాబ్రడార్‌కు మెడ చిన్నది, రసగుల్లాలా మింగేస్తుంది. షిట్జుకు అదే మెడ అరగంట పని. గబగబా మింగే అలవాటున్న కుక్కకు ముక్క ఒక చివర చేత్తో పట్టుకుని కొరికించవచ్చు, కానీ తిండి దగ్గర గుర్రుమనే కుక్కతో ఆ పని చెయ్యకండి. చేతికి కుట్లు పడతాయి.

మటన్‌లో పక్కటెముకలు, బోరు దగ్గరి మెత్తటి మృదులాస్థి, మెడ వెన్నుముక్కలు పెద్ద కుక్కలకు పనికొస్తాయి. తొడ, కాలి ఎముకలు, ముఖ్యంగా నల్లి (మూలుగు ఉండే ఎముక), వద్దు. బరువు మోసే ఎముక పంటి కంటే మొండిది. పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను ఉంటుంది, నాలుగో ప్రీమోలార్. గట్టి ఎముక కొరికితే దాని మీద నుంచి పలకలా ఒక చెక్క ఊడిపోతుంది, లోపలి నరం బయటపడుతుంది. ఆ పన్ను పీకించాలి, లేదా రూట్ కెనాల్ చేయించాలి. గుండ్రంగా కోసిన నల్లి ముక్కలతో ఇంకో తంటా ఉంది: మూలుగు నాకుతూ నాకుతూ కింది దవడను అందులో దూర్చి, కోరపళ్ల వెనక ఉంగరంలా ఇరికించుకుంటాయి. మత్తిచ్చి కోసి తియ్యాల్సిందే. ఎముక గట్టిదో కాదో చూడడానికి గోటి పరీక్ష చాలు. గోరు గుచ్చితే కొద్దిగానైనా గుర్తు పడని వస్తువు ఏదీ పంటికి పనికిరాదు.

తలకాయ, కాళ్లు చాలామటుకు మంట మీద కాల్చి ఇస్తారు. వెంట్రుకలు పోవడానికి పెట్టిన ఆ మంటే పై ఎముకను పెళుసు చేస్తుంది. బయటికి పచ్చిగా కనిపించే ఈ సరుకు సగం ఉడికిన ఎముక. బీఫ్ విషయానికొస్తే, కర్ణాటకలో 2020 చట్టం ప్రకారం కోతకు అనుమతి ఉన్నది 13 ఏళ్లు దాటిన గేదె, దున్నలకే. అంత వయసు జంతువు ఎముక అన్నిటికంటే గట్టిది. దాని మాంసం వాడుకోవచ్చు, ఎముక వద్దు.

శాతాలు, గ్రాములు

పచ్చి తిండి పెట్టేవాళ్లందరి నోటా వినిపించే సూత్రం 80-10-10: కండ 80 శాతం, తినగలిగే ఎముక 10, లోపలి అవయవాలు 10. ఆ చివరి పదిలో సగం కార్జం, సగం మూత్రపిండం లేదా ప్లీహం. బెంగళూరు మటన్ షాపుల్లో ఉర్దూ నడుస్తుంది కాబట్టి కలేజీ, గుర్దా, తిల్లి అని అడిగితే పని త్వరగా అవుతుంది. కందనకాయ, గుండె అవయవాలే అయినా లెక్కలో కండ కిందికి వస్తాయి. చాలామంది తప్పే చోటు ఇదే: కిలో కందనకాయలు వేసి "అవయవాల వాటా అయిపోయింది" అనుకుంటారు. కార్జం ఎక్కువైతే విటమిన్ ఏ పేరుకుపోతుంది, అంతకు ముందే విరేచనాలు పట్టుకుంటాయి. రోజూ పది శాతం దాటనివ్వకూడదు, ఐదు దగ్గర ఉంచితే మేలు.

ఎదిగిన కుక్కకు రోజుకు శరీర బరువులో 2 నుంచి 3 శాతం అంటారు. 30 కిలోల లాబ్రడార్‌కు 2.5 శాతం చొప్పున 750 గ్రాములు. అందులో ఎముక 75 గ్రాములు ఉండాలి. కోడి రెక్క బరువులో సుమారు 46 శాతం ఎముక, కాబట్టి 165 గ్రాముల రెక్కలు వేస్తే ఎముక వాటా సరి, పైగా 90 గ్రాముల కండ కలిసొస్తుంది. దానికి 510 గ్రాముల ఎముక లేని మాంసం, 37 గ్రాముల కార్జం, 37 గ్రాముల మూత్రపిండం కలపండి. మొత్తం 750. కోడి పాదాల్లో 60 శాతం దాకా ఎముక, వీపు గుల్లలో 40 పైన, లెగ్ పీసులో 30 దగ్గర, తొడలో 15 నుంచి 20. ఈ అంకెలు చూశాక నల్ల కవరు ఎందుకు బెడిసికొడుతుందో వేరే చెప్పక్కర్లేదు. వంటింటి డిజిటల్ కాటా లేకుండా ఈ పనిలోకి దిగొద్దు.

శాతం సూత్రం దాచిపెట్టే మోసం ఒకటుంది: అది బరువు చూస్తుంది, కొవ్వు చూడదు. తోలు లేని కోడి మాంసం 100 గ్రాములకు సుమారు 120 కేలరీలు. తోలుతో ఉన్నది 200 దగ్గర. అదే 750 గ్రాములు ఒక ఇంట్లో 900 కేలరీలు, పక్కింట్లో 1500. అపార్ట్‌మెంట్లో ఉండి, రోజుకు రెండుసార్లు కిందికి దిగే 30 కిలోల కుక్కకు కావలసింది సుమారు 1200. స్కిన్‌లెస్ మాత్రమే పెట్టే ఇంట్లో కుక్క చిక్కిపోతుంది, విత్ స్కిన్ పెట్టే ఇంట్లో బొద్దుగా తయారవుతుంది, ఇద్దరూ సూత్రాన్నే తిడతారు. సగం తోలుతో, సగం తోలు లేకుండా మొదలుపెట్టి, రెండు వారాలకోసారి బరువు తూచి సవరించుకోండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనబడకూడదు. ఒక్కసారిగా కొవ్వు కుమ్మరిస్తే, పండగ రోజు మటన్ కొవ్వంతా గిన్నెలో వేస్తే, క్లోమం వాస్తుంది. పాంక్రియాటైటిస్ వచ్చిన కుక్క వీపు పైకెత్తి, ముందుకాళ్లు చాచి, దణ్ణం పెట్టినట్టు వంగుతుంది, వాంతులు ఆగవు.

ఎముక పూర్తిగా మానేసి ఉత్త మాంసం పెట్టడం నల్ల కవరుకు సరిగ్గా అవతలి తప్పు. మాంసంలో కాల్షియం ఒక వంతైతే ఫాస్ఫరస్ పదిహేను, ఇరవై వంతులు. కుక్కకు కావలసింది కాల్షియమే కాస్త ఎక్కువగా, 1.2 కు 1. లోటును శరీరం ఎముకల్లోంచి లాగి పూడ్చుకుంటుంది. పెద్ద కుక్కలో ఇది నెలల తరబడి బయటపడదు. కూనలో వారాల్లో బయటపడుతుంది: కుంటడం, కాళ్లు వంకర తిరగడం, సోఫా మీంచి దూకితే విరగడం. జర్మన్ షెపర్డ్, గోల్డెన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతి కూనలకు అటు చివరా ప్రమాదమే. ఆరు నెలల్లోపు కూన పేగు కాల్షియాన్ని ఎంత పెడితే అంతా పీల్చేసుకుంటుంది, ఎక్కువైంది వద్దు అనుకునే యంత్రాంగం ఇంకా తయారై ఉండదు. కాబట్టి పెరిగే కూనకు ఇంటి లెక్కలు వద్దు. పెద్ద జాతి కూనల కోసమే తయారుచేసిన పూర్తి ఆహారం పెట్టి, ఏడాదో ఏడాదిన్నరో దాటాక ఈ ముచ్చట తీర్చుకోండి.

80-10-10 ను తు.చ. తప్పక పాటించినా కొన్ని లోట్లు మిగులుతాయి: జింక్, మాంగనీస్, అయోడిన్, విటమిన్ ఇ, డి. ఏడాది పొడుగునా కోడి ఒక్కటే తినే కుక్కకు ఇవి ఖాయం. వారంలో రెండు మూడు రోజులు మటన్, మూడు నాలుగు గుడ్లు, రెండు పూటలు మత్తి (సార్డీన్) చేపలు కలిపితే కొంత పూడుతుంది. మిగతాది విటమిన్-ఖనిజాల పొడితో, పశువైద్యుడు చెప్పిన మోతాదులో. చేపల్ని మాత్రం ఉడికించి, ముల్లు తీసి పెట్టండి. రోహు, కట్ల కుటుంబమైన కార్ప్ జాతి చేపల్లో కొన్నిటి పచ్చి మాంసంలో థయామిన్‌ను (విటమిన్ బి1) నాశనం చేసే ఎంజైము ఉంటుంది, వేడికి అది పోతుంది.

మలమే రోజువారీ రిపోర్టు. తెల్లగా, పొడిగా, నలిపితే సుద్దలా రాలితే ఎముక ఎక్కువ. నల్లగా, జారుగా ఉంటే కార్జం ఎక్కువ లేదా ఎముక తక్కువ. గట్టిగా, చిన్నగా, గోధుమరంగులో ఉంటే లెక్క కుదిరినట్టు.

పురుగులు: ఫ్రీజర్ చేసే పని, చెయ్యని పని

మన తెలుగు జిల్లాలకు బాగా తెలిసుండాల్సిన జబ్బు ఒకటుంది, హైడాటిడ్ తిత్తులు. దేశంలో ఇది ఎక్కువగా కనిపించే ప్రాంతాలు చెప్పేటప్పుడు వైద్య గ్రంథాలు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పేర్లు ముందు రాస్తాయి. గొర్రె, మేక, గేదె కార్జం మీద, ఊపిరితిత్తుల మీద నీళ్లు నిండిన తెల్లటి బుడగలు ఉంటాయి. మటన్ షాపువాడు వాటిని చూడగానే ఆ భాగం కోసి పక్కన కూర్చున్న వీధికుక్కకు విసురుతాడు. చక్రం అక్కడ పూర్తవుతుంది. కుక్క పేగులో అది ఎకినోకాకస్ అనే అతి చిన్న బద్దెపురుగవుతుంది, కుక్కకు ఏమీ కాదు, దాని మలంలో గుడ్లు బయటికొస్తాయి. ఆ గుడ్లు బొచ్చు మీంచి, నేల మీంచి మన నోట్లోకి వెళ్తే, పదేళ్ల తర్వాత మన కాలేయంలో టెన్నిస్ బంతంత తిత్తి కనిపించవచ్చు. ఇంటి కుక్క గిన్నెలో మనం ఎంత శుభ్రం పాటించినా, సాయంత్రం వాకింగులో షాపు ముందు పడిన ముక్క నోట కరిస్తే అంతా వృథా.

అందుకని ఇక్కడ నియమం కఠినంగా ఉండాలి. మేక, గొర్రె, గేదెల కార్జం, ఊపిరితిత్తులు పచ్చిగా వద్దు, అరగంట మరిగించి పెట్టండి. అంత వేడికి పోయేవి పోయినా కార్జంలో సరుకు చాలానే మిగులుతుంది. గర్భసంచి, పొదుగు అసలే వద్దు, పశువుల నుంచి మనుషులకూ సోకే బ్రుసెల్లా బాక్టీరియా భయం. కండ మాంసాన్ని మైనస్ 18 డిగ్రీల దగ్గర పది రోజులు గడ్డకట్టించాకే వాడండి. టాక్సోప్లాస్మా, నియోస్పోరా అనే కంటికి కనబడని పరాన్నజీవుల తిత్తులు, బద్దెపురుగుల తిత్తులు ఈ చలికి చస్తాయి.

మైనస్ 18 అన్నది ఊరికే రాసిన అంకె కాదు. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైన ఉండే ఐసు అర అంత చల్లదనానికి దిగదు. అందులో పది రోజులుంచడం కంటితుడుపు. డబుల్ డోర్ ఫ్రీజరో, విడి డీప్ ఫ్రీజరో కావాలి, అందులో చిన్న థర్మామీటరు పెట్టి చూసుకోవాలి. రెండు కిలోల ముద్ద మధ్యలోకి చలి పాకడానికి చాలాసేపు పడుతుంది, కాబట్టి అర కిలో చొప్పున జిప్ కవర్లలో వేసి, పుస్తకంలా రెండు మూడు సెంటీమీటర్ల మందంలో పరిచి, తేదీ రాసి పెట్టండి. వేసవిలో కరెంటు గంటల తరబడి పోతే పది రోజుల లెక్క మళ్లీ మొదటినుంచి. నిల్వ ఉంచుకోవడంలో ఇంకో సౌకర్యం: గాంధీ జయంతి, శ్రీరామ నవమి, వినాయక చవితి, శివరాత్రి లాంటి రోజుల్లో నగరంలో మాంసం అమ్మకాలు నిలిపేస్తారు. కుక్కకు ఆ క్యాలెండరు తెలియదు.

ఇంత చేసినా నులిపురుగుల మందు తప్పదు. పచ్చి మాంసం తినే కుక్కకు బద్దెపురుగుల మందు, ప్రాజిక్వాంటెల్ ఉన్నది, ఆరు వారాలకోసారి వెయ్యమంటారు. ఎకినోకాకస్ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఆరు వారాలకు అటూ ఇటూగా పడుతుంది, అది ఎదిగేలోపే చంపాలన్నది లెక్క. మూడు నెలలకోసారి వేసే మామూలు పద్ధతి ఇక్కడ చాలదు.

బాక్టీరియా: వంటింటి గట్టు

సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్, ఈ కోలై. ఇవి ఫ్రీజర్లో నిద్రపోతాయి, చావవు. మొద్దు మీద ఒక కోడి నుంచి ఇంకో కోడికి, ఈకలు పీకే డ్రమ్ములో, ముంచే వేడినీళ్లలో పాకుతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క చాలావరకు వీటిని తట్టుకుంటుంది. చిక్కేమిటంటే తట్టుకుంటూనే మలంలో, నోట్లో మోసుకు తిరుగుతుంది. అది నాకిన పసిపిల్ల చెయ్యి, డయాలసిస్ చేయించుకునే మామగారి మంచం, గర్భిణి ఒడి అసలు ప్రమాద స్థలాలు. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, కీమో లేదా స్టెరాయిడ్ మందుల మీద ఉన్నవాళ్లు, బాగా పెద్దవాళ్లు ఉంటే పచ్చి మాంసం పెట్టకండి. దీనికి "జాగ్రత్తగా చేస్తాం కదా" అన్నది జవాబు కాదు.

కుక్కకూ పూర్తి మినహాయింపు లేదు. పచ్చి కోడి, ముఖ్యంగా మెడలు తినే కుక్కల్లో క్యాంపిలోబాక్టర్ వల్ల వచ్చే ఒక రకం పక్షవాతం గురించి 2018లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధన వెలువడింది. వెనక కాళ్లలో బలహీనతతో మొదలై ముందుకు పాకుతుంది. అరుదే, కానీ ఊరికే నడక తడబడుతున్న కుక్కను "ఎండదెబ్బ" అని రెండు రోజులు ఇంట్లో ఉంచుకోకూడదు. బర్డ్ ఫ్లూ వార్తలొచ్చినప్పుడు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినట్టు, కోడిని పూర్తిగా ఉడికించాలి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ. పిల్లి జాతి దానికి త్వరగా లొంగుతుంది. 2024 డిసెంబరులో నాగపూర్ గోరెవాడ వన్యప్రాణి రక్షణ కేంద్రంలో పులులు, చిరుత ఆ వైరస్‌తోనే చనిపోయాయి.

మన ఇళ్లలో ఒక అలవాటు మార్చుకోవాలి. మాంసం తేగానే ఉప్పు, పసుపు వేసి కొళాయి కింద నాలుగుసార్లు కడుగుతాం. పసుపుకు సాల్మొనెల్లా చావదు. కొళాయి ధారకు చిందిన తుంపర్లు గట్టు మీద, పక్కనున్న కొత్తిమీర కట్ట మీద, గిన్నెల బుట్టలో పడతాయి. కూరైతే తర్వాత ఉడుకుతుంది కాబట్టి మాంసం సంగతి సర్దుకుంటుంది. కుక్క గిన్నెకు ఆ రెండో అవకాశం లేదు. కడగకండి. కవర్లోంచి నేరుగా స్టీలు డబ్బాలోకి, డబ్బా ఫ్రిజ్ అట్టడుగు అరలోకి, కరగడానికి 24 గంటలు. బయట గట్టు మీద కరిగించొద్దు. కరిగినదాన్ని రెండు రోజుల్లో వాడాలి. కైమా అయితే ఒక్క రోజే, ఎందుకంటే యంత్రంలో నలిగినప్పుడు పైనున్న బాక్టీరియా అంతా లోపలికి కలిసిపోతుంది.

కైమా మాట వచ్చింది కాబట్టి: నమలకుండా మింగే కుక్కకు ఎముకతో కలిపి కైమా చేయించడం మంచి దారే, రెక్కలు, మెడలు షాపు కైమా యంత్రంలో నలుగుతాయి. ఇంటి మిక్సీలో మాత్రం ప్రయత్నించకండి. బ్లేడు వంగుతుంది, మోటారు కాలుతుంది, ఆ జార్లో మళ్లీ కొబ్బరి పచ్చడి చెయ్యాల్సింది మీరే.

గిన్నె స్టీలుది పెట్టండి, ప్లాస్టిక్ గీతల్లో జిడ్డు దాక్కుంటుంది. ఎముక ఇచ్చే చోటు ఒకటే ఉండాలి, బాల్కనీలో కడగగలిగే చాప మీద. సోఫా కిందికి ఈడ్చుకెళ్లనివ్వొద్దు. 20 నిమిషాల్లో వదిలేసింది తీసెయ్యండి. బెంగళూరు చల్లటి ఊరని ధీమా పడొద్దు, ఏప్రిల్ మధ్యాహ్నం బాల్కనీలో మాంసం ఎంతసేపు ఆగుతుందో అందరికీ తెలుసు. సబ్బు, వేడినీళ్లతో కడిగాక, 4 లీటర్ల నీళ్లలో 15 మిల్లీలీటర్ల సువాసన లేని బ్లీచ్ కలిపి గిన్నె, చాప తుడిచి ఆరనివ్వండి. తిన్న వెంటనే ముఖం నాకించుకునే గారాబం ఒక గంట వాయిదా వేసుకోండి.

మధ్యేమార్గం

నగరంలో చాలా ఇళ్లకు సరిపడేది ఇదే అని ఈ వ్యాసం అభిప్రాయం. ఎముక లేని మాంసం కిలో, అందులో 50 గ్రాములు కార్జం ఉండేలా, కొద్ది నీళ్లలో లోపలి భాగం 74 డిగ్రీలు చేరేదాకా ఉడికించండి. మటన్ కార్జమైతే పైన చెప్పినట్టు అరగంట మరిగించాలి. ఉల్లి, వెల్లుల్లి, మసాలా వద్దు. చల్లారాక అంచు దాకా సమంగా నింపిన ఒక టీస్పూను, అంటే ఐదారు గ్రాములు, గుడ్డు పెంకు పొడి కలపండి. పెంకుల్ని కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మైదాలా మెత్తగా ఆడించాలి. కిలో మాంసంలోని ఫాస్ఫరస్‌కు ఆ ఒక్క స్పూనులోని రెండు గ్రాముల కాల్షియం సరిగ్గా జోడవుతుంది. ఉడికించిన నీళ్లు పారబొయ్యకుండా అన్నంలోనో గుమ్మడి ముక్కల్లోనో కలపండి. ఎముక సరదా కోసం వారానికి ఒకటి రెండుసార్లు, పది రోజులు ఫ్రీజ్ చేసిన పెద్ద మటన్ మెడ ముక్క, మీరు పక్కనుండగా 15 నిమిషాలు. ఇందులో పచ్చి తిండి లాభాల్లో చాలావరకు దక్కుతాయి, ప్రమాదాల్లో చాలావరకు తగ్గుతాయి.

పూర్తిగా పచ్చికే వెళ్లదలచుకుంటే మూడు వారాలు తీసుకోండి. మొదటి వారం ఒకే మాంసం, పావు వంతుతో మొదలు. ఎముక రెండో వారంలో, కార్జం మూడో వారంలో బఠాణీ గింజంతతో. అన్నీ ఒకేరోజు మార్చితే ఏది పడలేదో తెలుసుకునే దారి ఉండదు.

ఇరుక్కుంటే

కుక్క పదే పదే ఓకరిస్తున్నా, చొల్లు కారుతున్నా, మెడ చాచి గుటకలు వేస్తున్నా, నీళ్లు తాగి వెంటనే కక్కుతున్నా ఎముక గొంతుగొట్టంలో ఉన్నట్టే అనుకోవాలి. ఛాతీ మొదట్లో, గుండె పక్కన, కడుపు ద్వారానికి కాస్త పైన, ఈ మూడు ఇరుకుల్లో ఎక్కువగా ఆగుతుంది. మనకు చేపముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగినట్టు దీనికి అరటిపండో ముద్దో మింగించొద్దు, పదునైన ఎముక ఇంకా లోతుగా దిగుతుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం అంతకంటే చెడ్డది, పైకొచ్చే దారిలో అదే ఎముక గొంతు చీరుతుంది, ఉప్పు విషమవుతుంది. గంటలు గడిచేకొద్దీ గొంతుగొట్టానికి చిల్లు పడే అవకాశం పెరుగుతుంది. కడుపులోకి దిగిన పచ్చి ఎముకను ఆమ్లం మెత్తబరుస్తుంది. అయినా వాంతులు, ఉబ్బిన పొట్ట, రెండు రోజులుగా మలం లేకపోవడం, మలంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ఎక్స్-రే తీయించాలి. ఎముక ఎక్స్-రేలో స్పష్టంగా కనిపిస్తుంది, అదొక్కటే ఇందులో అదృష్టం.

మీ ఇంటికి దగ్గర్లో ఎండోస్కోపీ ఉన్న, రాత్రిళ్లు తెరిచుండే పెట్ ఆసుపత్రి ఏదో, హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి వేళలేమిటో మొదటి ఎముక కొనకముందే ఫోన్ చేసి కనుక్కుని, ఆ నంబర్లు ఫ్రిజ్ తలుపుకు అంటించండి. సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటి వెళ్లాల్సిన ఆసుపత్రిని మాత్రం ఆ జాబితాలో రెండోది చెయ్యండి.